టైల్ కింద వేడి: హీటింగ్ మ్యాట్ మన ఇళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో స్థిరపడ్డ ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. కూతురి పురిటికనో, మనవల్ని చూసొద్దామనో వెళ్లి ఒక చలికాలం అక్కడ గడిపి వచ్చిన పెద్దవాళ్లకు బాగా నచ్చేసేవాటిలో వెచ్చటి నేల ఒకటి. బయట మంచు కురుస్తున్నా బాత్రూంలో ఉత్త కాలు పెడితే గోరువెచ్చగా ఉంటుంది. తిరిగొచ్చాక ఇక్కడ కొత్త ఇల్లు కడుతున్నప్పుడో, పాత ఇంటికి టైల్స్ మారుస్తున్నప్పుడో అదే మనింట్లోనూ వేయించుకోవచ్చా అని అడుగుతున్నారు. "పొద్దున్న లేచి కాలు కింద పెడితే జివ్వుమంటోంది బాబూ" అని మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ అంటే, అనవసరపు సోకు అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

ఇళ్ల వైరింగ్ పనిలో ఉన్నవాడిగా నా మాట ఇది: వేయించుకోవచ్చు, కానీ ఇల్లంతా కాదు. ఒక గదిలో, రోజూ కాలు పడే ఒక్క ముక్క చాలు. టైల్ కింద పరిచే, కరెంటుతో వేడెక్కే ఆ మ్యాట్ మంచిదా కాదా అన్నది ఇందులో చిన్న విషయం. మ్యాట్ కింద ఏముంది, పైన ఏం వేశారు, డీబీ బోర్డులో (ఇంటి సర్క్యూట్లన్నీ విడిపోయే పెట్టెలో) ఏం పెట్టారు అన్న మూడింటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఆ మూడూ పని అయిపోయాక కంటికి కనిపించవు.

ముందు చలి సంగతి. జనవరి తెల్లవారుజామున మన తీరంలో మామూలుగా 16 నుంచి 18 డిగ్రీలు ఉంటుంది. అరకు, లంబసింగి చలి కాదిది. తలుపులు మూసిన గదిలో మరో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే. ఆ గదిలో నేల, చెక్క మంచం, చాప అన్నీ ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. అయినా చాప మీద కాలు పెడితే ఏమీ అనిపించదు, గ్రానైట్ మీద పెడితే ఒళ్లంతా చలి పాకుతుంది. గ్రానైట్ వేడిని లోపలికి తీసుకుపోయే వేగం చెక్కతో పోలిస్తే పది రెట్లకు మించి ఉంటుంది. అంటే నేల చల్లబడిపోయిందని కాదు, కాలిలోని వేడిని చప్పున లాగేసుకుంటోందని. విట్రిఫైడ్ టైల్, పాలరాయి కూడా ఇలాంటివే. టెక్కలి చుట్టుపక్కల క్వారీల నుంచి నీలి గ్రానైట్ దేశదేశాలకు వెళ్లే జిల్లా మనది, కాస్త స్తోమత ఉన్న ఇంట్లో నేలకు అదే వేయిస్తాం. వయసు పైబడి పాదాలకు రక్తప్రసరణ తగ్గినవాళ్లకు ఆ చలి మనకంటే చాలా ఎక్కువగా తెలుస్తుంది.

కాబట్టి ఇక్కడ గదిలో గాలిని వేడెక్కించాల్సిన పని లేదు. నేలను 19, 20 డిగ్రీల నుంచి ఏ 26, 27కో తెస్తే కాలికి హాయిగా ఉంటుంది. నీటి గొట్టాలతో నేలను వెచ్చబరిచే పద్ధతికి రాసిన యూరప్ ప్రమాణం ఈఎన్ 1264 ప్రకారం మనుషులు మసిలే గదిలో నేల పైభాగం 29 డిగ్రీలు, బాత్రూంలో 33 డిగ్రీలు దాటకూడదు. ఎలక్ట్రిక్ మ్యాట్‌కూ ఆ హద్దులనే పెట్టుకోవడం మంచిది. నేల కాలేంత వేడిగా ఉంటుందని ఊహించుకునేవాళ్లకు ఈ అంకెలు ముందే చెప్పాలి.

మ్యాట్ అంటే ఫైబర్‌గ్లాస్ వల మీద పాములా వంకరలు తిప్పి అతికించిన సన్నటి హీటింగ్ కేబుల్. మామూలుగా అర మీటరు వెడల్పుతో చుట్టగా వస్తుంది, మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు. చదరపు మీటరుకు 100, 150, 200 వాట్ల రకాలు దొరుకుతాయి. కేబుల్ లోపల వేడెక్కే తీగ, దాని మీద ఇన్సులేషన్, దాని మీద ఎర్త్‌కు కలిపే లోహపు తొడుగు, పైన ప్లాస్టిక్ పొర ఉంటాయి. ఒక చివర నుంచి వేడెక్కని మామూలు వైరు బయటికొస్తుంది, దాన్ని థర్మోస్టాట్‌కు కలుపుతారు. నేలలో పెట్టిన చిన్న సెన్సర్ చూసి థర్మోస్టాట్ కరెంటును ఆపుతూ, ఇస్తూ ఉంటుంది. వస్తువు ఇంతే. గీజర్‌లో ఉన్నంత క్లిష్టత కూడా ఇందులో లేదు.

సూట్‌కేసులో వచ్చిన మ్యాట్

పిల్లలు సెలవులకు వస్తూ అక్కడి నుంచే మ్యాట్ తెచ్చేస్తుంటారు. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. అమెరికా, కెనడాల్లో ఇళ్లకు 120 వోల్టులూ 240 వోల్టులూ రెండూ ఉంటాయి, మ్యాట్‌లు కూడా రెండు రకాలుగా అమ్ముతారు. మన సరఫరా 230 వోల్టులు. వోల్టేజీ రెట్టింపైతే హీటింగ్ తీగ తీసుకునే పవర్ రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది.

లెక్క చూడండి. మంచం పక్కన 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు ముక్క అంటే సుమారు 2 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 150 వాట్ల మ్యాట్ అయితే మొత్తం 300 వాట్లు. అది 120 వోల్టుల మ్యాట్ అయితే దాని రెసిస్టెన్స్ 48 ఓమ్‌లు ఉంటుంది. దానికి మన 230 వోల్టులు ఇస్తే తీసుకునేది 1,100 వాట్లు. చదరపు మీటరుకు 550 వాట్లు! టైల్ కింద కేబుల్ ఇన్సులేషన్ కరిగిపోతుంది, అతుకు విడిపోతుంది, ఇంకా ఘోరమే జరగొచ్చు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఆ ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి నేరుగా కలిపేస్తారు. నేలలో పాతిన వస్తువు మీద వోల్టేజీ ఎవరికీ కనిపించదు. ఆ దారి వద్దనే చెబుతాను.

240 వోల్టుల మ్యాట్ అయితే ఇబ్బంది లేదు. 300 వాట్లకు బదులు 275 ఇస్తుంది, అంతే. ఫ్రీక్వెన్సీ అక్కడ 60, ఇక్కడ 50 అయినా హీటింగ్ తీగకు తేడా లేదు, థర్మోస్టాట్ లేబుల్ మీద మాత్రం 50 హెర్ట్జ్ అని ఉందో లేదో చూసుకోవాలి. అసలు 230 వోల్టులకు తయారైనదే కొంటే ఈ టెన్షన్ ఏదీ ఉండదు.

లేబుల్ చిరిగిపోయినా, అనుమానంగా ఉన్నా మల్టీమీటర్ నిజం చెబుతుంది. 230ని 230తో గుణించి వాట్లతో భాగిస్తే రావలసిన ఓమ్‌లు వస్తాయి. 300 వాట్ల మ్యాట్‌కు 176 రావాలి. 48 దగ్గర చూపిస్తే ఆ మ్యాట్ మన ఇంటిది కాదు.

మన మాలు, వాళ్ల అడెసివ్

విదేశీ వీడియోలు చూసి మేస్త్రికి చూపించేవాళ్లు గమనించని తేడా ఇది. అక్కడ టైల్‌ను పలచటి అడెసివ్ పొర మీద అతికిస్తారు. మన దగ్గర తరతరాలుగా ఇసుక, సిమెంటు మాలు రెండంగుళాల మందాన పరిచి, సిమెంటు పాలు పోసి, దాని మీద టైల్ గానీ గ్రానైట్ గానీ దించి సుత్తితో తట్టి లెవెల్ చేస్తారు. నేల ఎత్తుపల్లాలన్నీ ఆ మాలే సర్దేస్తుంది, మేస్త్రికి చెయ్యి తిరిగిన పద్ధతీ అదే. కానీ మ్యాట్‌ను ఆ మాలు కింద పెడితే పని చెడినట్టే.

50 మిల్లీమీటర్ల మాలు, 18 మిల్లీమీటర్ల గ్రానైట్ కలిపి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువు. దాన్ని 8 డిగ్రీలు వేడెక్కించాలంటే 150 వాట్ల మ్యాట్‌కు, ఒక్క వాటు కూడా వృథా కాకపోయినా, రెండు గంటలు పడుతుంది. అదే మ్యాట్ మీద 5 మిల్లీమీటర్ల అడెసివ్, 10 మిల్లీమీటర్ల టైల్ మాత్రమే ఉంటే అరగంటలోపే అయిపోతుంది. మాలు కింద వేయించుకున్న ఇంట్లో ఐదింటికి స్విచ్ వేస్తే పెద్దాయన ఆరింటికి లేచేసరికి నేల ఇంకా చల్లగానే ఉంటుంది, ఎనిమిదింటికి ఎండొచ్చాక వెచ్చబడుతుంది. ఆ తర్వాత మ్యాట్ పని చేయట్లేదని అమ్మినవాడి మీద పడతారు.

సరైన వరుస ఇలా ఉంటుంది. మాలుతో బేస్ లెవెల్ చేసి బాగా ఆరనివ్వాలి. దాని మీద ఇన్సులేషన్ బోర్డు. ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్‌కు రెండు వైపులా సిమెంటు పూత ఉన్న బోర్డులు 6, 10 మిల్లీమీటర్ల మందంలో వస్తాయి. దాని మీద మ్యాట్, ఆపైన సాగే గుణం ఉన్న అడెసివ్, ఆపైన టైల్. టైల్ అడెసివ్‌కు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 15477. దాని ప్రకారం పై రకం అడెసివ్ తీసుకోండి, అందులో వేడికి సాగే గుణం ఉందని కంపెనీ బస్తా మీద రాసిందో లేదో చూడండి. రోజూ వేడెక్కి చల్లబడే నేల కాబట్టి గట్టిగా బిగుసుకుపోయే అడెసివ్ కొన్నాళ్లకు టైల్‌ను వదిలేస్తుంది.

ఆ ఇన్సులేషన్ బోర్డు ఖర్చు దగ్గరే చాలామంది వెనకాడతారు. అది లేకపోతే వేడిలో పెద్ద భాగం కిందికి పోతుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో భూమిలోకి, పై అంతస్తులో స్లాబులోకి. ఖర్చు తగ్గించుకోవాలంటే మ్యాట్ విస్తీర్ణం తగ్గించండి, బోర్డు మాత్రం మానకండి.

ఎత్తు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. బోర్డు, మ్యాట్, అడెసివ్, టైల్ కలిపి 25 నుంచి 30 మిల్లీమీటర్లు అవుతుంది. పాత నేల మీద వేస్తే తలుపు కింది అంచు కోయాలి, గడప లోపలి వైపు దిగిపోయినట్టవుతుంది. పక్క గది నేలకు, దీనికి అంగుళం తేడా వస్తే పెద్దవాళ్లు తట్టుకుని పడతారు. కొత్త ఇంట్లో అయితే ఆ మేర మాలు తగ్గించి వేస్తే సరి.

తాపీ తగిలితే

పరిచే రోజు ఎలక్ట్రీషియన్, టైల్స్ మేస్త్రి ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలి. మన దగ్గర ఒకరు వెళ్లాక ఒకరొస్తారు, ఈ పనికి అది కుదరదు.

మ్యాట్ డబ్బా విప్పగానే మొదటి కొలత. 300 వాట్ల మ్యాట్‌కు 176 ఓమ్‌లకు కాస్త అటూ ఇటూగా రావాలి. ఎంత తేడా ఒప్పుకోవచ్చో లేబుల్ మీదే ఉంటుంది. తర్వాత మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో) లోపలి తీగకు, ఎర్త్ తొడుగుకు మధ్య ఇన్సులేషన్ చూడాలి. ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసుకోవాలి. పరిచాక మళ్లీ, టైల్ వేసి అడెసివ్ ఆరాక మళ్లీ ఇవే కొలతలు. మూడూ ఒకేలా ఉంటేనే పని సక్రమంగా జరిగినట్టు.

గది ఆకారానికి తగ్గట్టు మ్యాట్‌ను తిప్పాలంటే వలను మాత్రమే కత్తిరించాలి, కేబుల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ కోయకూడదు. మిగిలిందని కోసేస్తే రెసిస్టెన్స్ తగ్గి, మిగతా కేబుల్ అంతా మితిమీరి వేడెక్కుతుంది. ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కకూడదు. వేడెక్కే తీగ, మామూలు వైరు కలిసే అతుకు కాస్త లావుగా ఉంటుంది. దానికి బేస్‌లో చిన్న గాడి తీసి అది కూడా అడెసివ్‌లో మునిగేలా చూడాలి. గోడలోకి ఎక్కించి గాలిలో వదిలేస్తే అక్కడే కాలిపోతుంది.

సెన్సర్‌ను నేరుగా అడెసివ్‌లో పాతేయకండి. రెండు కేబుల్ వరుసల సరిగ్గా మధ్యలో ఒక సన్నటి పైపు పెట్టి, నేల లోపలున్న చివరను టేపుతో మూసి, అందులోకి సెన్సర్ తోయాలి. కొన్నేళ్లకు సెన్సర్ పాడైతే పైపులోంచి లాగి కొత్తది వేసుకోవచ్చు. ఈ చిన్న పైపు లేకపోవడం వల్ల బాగున్న మ్యాట్ మొత్తం మూలన పడుతుంది.

దెబ్బ తగిలేది ఎక్కువగా తాపీ వల్లే. అడెసివ్ లాగేటప్పుడు పళ్ల తాపీ అంచు కేబుల్‌ను గీరుతుంది. పైపొర తెగి, ఎర్త్ తొడుగు దాటి లోపలికి దిగితే మీటర్‌లో అంకె అప్పుడే మారిపోతుంది. అందుకే మేస్త్రి టైల్స్ వేస్తున్నంతసేపూ మీటర్‌ను మ్యాట్ వైర్లకు తగిలించి పక్కనే ఉంచాలి. రెండు వరుసల టైల్స్ అయ్యాయో లేదో ఓసారి చూడటం. 176 ఉన్న అంకె మారిపోతే పని అక్కడే ఆపి, ఆ పచ్చి అడెసివ్ తీసి చూస్తే గంటలో తేలిపోతుంది. మర్నాడు తెలిస్తే నేల మొత్తం పగలగొట్టాలి. ప్లాస్టిక్ తాపీ వాడితే, ముందు మ్యాట్ మీద పలచగా ఒక పూత వేసి ఆరనిచ్చి ఆపైన టైల్స్ వేస్తే ఈ భయం చాలావరకు పోతుంది.

టైల్స్ వేసే ముందు కొలిచే టేపు పరిచి ఫోటోలు తీయండి. గోడ నుంచి మొదటి కేబుల్ ఎన్ని అంగుళాల దూరంలో ఉందో ఫోటోలో కనిపించాలి. రేపు తలుపు స్టాపర్‌కు డ్రిల్ పెట్టేవాడికి ఆ ఫోటో తప్ప వేరే ఆధారం ఉండదు.

టైల్స్ అవగానే స్విచ్ వేసి చూద్దామన్న ఆత్రం సహజం. ఆగాలి. అడెసివ్‌కు కంపెనీ చెప్పినన్ని రోజులు, సిమెంటు మాలులోనే పాతి ఉంటే 28 రోజులు. పచ్చిగా ఉండగా వేడి పెడితే తేమ త్వరగా ఆరిపోయి పట్టు రాదు.

ఎర్తింగ్ లేని ఇంట్లో వద్దు

ఈ విషయంలో నేను రాజీ పడను. మ్యాట్‌కు విడిగా ఒక సర్క్యూట్, దానికి ఎంసీబీ (లోడ్ మించితే పడిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఉండాల్సిందే. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే ఆర్‌సీసీబీ పడిపోతుంది. కేబుల్ ఎక్కడో గీసుకుపోతే లీకైన కరెంటు ఎర్త్ తొడుగు ద్వారా భూమిలోకి పోయి, ఆర్‌సీసీబీ వెంటనే పడిపోవాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఆ కరెంటు దారి కోసం కాచుకుని ఉంటుంది, తడి కాలితో మనిషి వచ్చేదాకా.

మన తీరంలో ఎర్తింగ్ త్వరగా చెడిపోతుంది. ఉప్పుగాలికి జీఐ (జింకు పూత ఇనుప) పైపు, నట్టు బోల్టులు తుప్పు పడతాయి. ఉద్దానం వైపు, కళింగపట్నం, పూసపాటిరేగ దగ్గర ఇసుక నేలలు వేసవిలో పూర్తిగా ఎండిపోయి ఎర్త్ రెసిస్టెన్స్ పెరిగిపోతుంది. పాత ఇళ్లలో సాకెట్ మూడో రంధ్రానికి అసలు వైరే ఉండదు. ఎర్తింగ్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 3043. ఎర్త్ పిట్ కొలిపించి, అవసరమైతే కొత్తది వేయించుకున్నాకే మ్యాట్ మాట ఎత్తాలి. ఇంకో మాట. బోర్డులో న్యూట్రల్ వైర్లు కలగాపులగంగా కలిపేసిన ఇళ్లలో ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటుంది. అప్పుడు దాన్ని తప్పించి డైరెక్ట్ చేసేస్తుంటారు. అలా చేస్తానన్న ఎలక్ట్రీషియన్‌ను ఆ క్షణమే ఆపండి.

ఎక్కడ వేయాలి

అందరూ ముందు అడిగేది బాత్రూంలో. నా సలహా మంచం పక్కన. విదేశాల్లో బాత్రూం నేల పొడిగా ఉంటుంది, స్నానం గాజు తలుపుల వెనకో తొట్టెలోనో చేస్తారు. మనం బకెట్, చెంబుతో నేలంతా తడుపుతాం, నీళ్లు నహానీ ట్రాప్ వైపు వాలుగా పోతాయి. ఒక లీటరు నీరు నేల మీద ఆవిరి కావడానికి యూనిట్‌లో మూడింట రెండు వంతుల కరెంటుకు సమానమైన వేడి కావాలి. మ్యాట్ కాళ్లకు ఇవ్వాల్సిన వేడి తడి ఆర్పడానికే సరిపోతుంది. పైగా వేడినీళ్లు పోసుకుంటుంటే నేల ఎలాగూ వెచ్చబడుతుంది. కమోడ్ వైపు నేలను విడిగా పొడిగా ఉంచుకునే ఇళ్లలో ఆ ముక్కకు వేయించుకోవచ్చు, థర్మోస్టాట్ మాత్రం బాత్రూం బయట గోడకే.

మంచం పక్కన, పూజగదిలో పీట వేసుకుని కూర్చునే ఎదుట, వంటింట్లో గట్టు ముందు: ఇవి సరైన చోట్లు. బీరువా, దివాన్ కింద వేయకూడదు, వేడి బయటికి రాక అక్కడే పేరుకుంటుంది. మందపాటి తివాచీ, పరుపు కూడా అంతే. ఇంట్లో చక్కెర జబ్బు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లుంటే ఇంకా జాగ్రత్త. వేడి ఎక్కువైనా వాళ్లకు తెలియదు. వెచ్చటి నేల మీద దుప్పటి పరుచుకుని నడుం వాలిస్తే కింద వేడి పెరుగుతూ పోతుంది, చర్మం కాలిన సంగతి లేచాకే తెలుస్తుంది. అలాంటి ఇంట్లో థర్మోస్టాట్ గరిష్ఠ హద్దు 27 దగ్గర పెట్టి లాక్ చేయాలి, నేల మీద పడుకునే అలవాటు ఉంటే అసలు వద్దు.

బిల్లు గురించి అనుకున్నంత భయం అక్కర్లేదు. గది 20 డిగ్రీలు ఉన్నప్పుడు నేలను 26 దగ్గర నిలబెట్టడానికి చదరపు మీటరుకు 65 వాట్ల దాకా చాలు, ఒకసారి వేడెక్కాక థర్మోస్టాట్ ఎక్కువసేపు ఆపే ఉంచుతుంది. రెండు చదరపు మీటర్ల ముక్క పొద్దున్న రెండు మూడు గంటలు నడిస్తే రోజుకు ముప్పావు యూనిట్ దాటదు, నెలకు ఇరవై పైచిలుకు. అయితే ఆ యూనిట్లు మీ వాడకంలో చివరన చేరతాయి కాబట్టి మీరున్న పై స్లాబు రేటే పడుతుంది. ఇల్లంతా వేస్తే సంగతి వేరు, మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌లో లోడ్ పెంచుకోవాల్సి వస్తుంది. ఇన్వర్టర్ మీద దీన్ని నడపకండి. ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టుకున్న బ్యాటరీని గంటల్లో ఖాళీ చేసేస్తుంది.

వేసవిలో ఇదే మ్యాట్ నేలను చల్లబరుస్తుందా అని కూడా అడుగుతున్నారు. చల్లబరచదు, తీగలో కరెంటు వెళ్తే వేడే వస్తుంది. నీటి గొట్టాల పద్ధతిలో చల్లటి నీరు తిప్పొచ్చు గానీ, మే, జూన్‌లలో మన తీరపు గాలిలో ఉండే తేమకు చల్లబడ్డ నేల మీద చెమట పట్టి జారుడుగా తయారవుతుంది. దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఏడాదిలో డిసెంబర్ సగం నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకానే మనకు దీని అవసరం. అందుకని ఉన్న నేల పగలగొట్టి మరీ వేయించుకోమని ఎవరికీ చెప్పను. కవిటి, కంచిలి వైపు దొరికే మందపాటి కొబ్బరి పీచు పట్టా ఒకటి మంచం పక్కన వేస్తే కాలిలోని వేడి నేలలోకి పోదు, చాలా ఇళ్లకు అదే సరిపోతుంది. దాని అంచులు లేవకుండా, కింద జారకుండా రబ్బరు అడుగు ఉన్నది తీసుకోండి. అది సరిపోని పెద్దవాళ్లు ఇంట్లో ఉండి, ఇల్లు ఇప్పుడు ఫ్లోరింగ్ దశలో ఉంటే, మాలు పరిచే ముందే మేస్త్రితో కూర్చుని ఆ ఒక్క ముక్కకు 30 మిల్లీమీటర్లు వదిలించండి. డీబీ నుంచి మంచం పక్క గోడ దాకా విడి పైపు వేయించండి. ఈ రెండూ అప్పుడైతే దాదాపు ఖర్చు లేని పనులు, టైల్స్ పడ్డాక చేయించుకోలేనివి.